సెలవుల్లో క్యాంపస్‌లోనే ఉండిపోయారా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే చోట నుంచి వచ్చినట్టున్నాయి, అంటే సెలవులకి ఇంటికెళ్లకుండా యూనివర్సిటీలోనే ప్రాజెక్టు అనో ల్యాబ్ అనో ఉండిపోయిన పిల్లల దగ్గర నుంచి. అందుకే ఈ సంచిక మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నా.

అక్కా, నేను సెకండియర్ అయిపోయి బయాలజీ ల్యాబ్‌లో సమ్మర్ ప్రాజెక్టులో చేరాను. మూడు వారాల నుంచి గ్లాస్‌వేర్ కడగడం, పైపెట్‌తో, అంటే ద్రవాన్ని కొలిచి తీసే చేతి పరికరంతో, నీళ్లు తీసి పొయ్యడం, ఇదే పని. నా ఫ్రెండ్స్ ఈలోపు ఆన్‌లైన్ కోర్సులు రెండు మూడు పూర్తి చేసేశారు. నేనేమీ నేర్చుకోవట్లేదని భయంగా ఉంది.

చెల్లీ, ఆ నీళ్లు పొయ్యడం దగ్గరే కాసేపు ఆగుదాం. 100 మైక్రోలీటర్ల నీళ్లు బరువులో దాదాపు 100 మిల్లీగ్రాములు తూగుతాయి కదా, కాబట్టి బ్యాలెన్స్ మీద చిన్న గిన్నె పెట్టి జీరో చేసి, పదిసార్లు పొయ్యి, ప్రతిసారీ ఎంత పెరిగిందో నోట్‌బుక్‌లో రాయి. మొదటిరోజు 94 వస్తుంది, తర్వాత 103, మళ్లీ 97, అలా అంకెలు గంతులేస్తుంటాయి. ఎందుకలా వస్తుందో నీ బొటనవేలికి తప్ప ఇంకెవరికీ తెలీదు. పైపెట్ బటన్ నొక్కుతుంటే రెండు చోట్ల ఆగుతుంది, అవే స్టాప్‌లు. తీసుకునేటప్పుడు మొదటి స్టాప్ దాకా మాత్రమే నొక్కి, చివరనున్న టిప్ కొద్దిగా ముంచి, మెల్లగా వదలాలి, గబుక్కున వదిలేస్తే గాలి బుడగ దూరుతుంది, రెండో స్టాప్ అనేది పొయ్యడానికి, తీసుకునేటప్పుడే అక్కడిదాకా నొక్కేస్తే ఎక్కువ వచ్చేస్తుంది. వారం రోజులు ఓపిగ్గా చేస్తే అంకెలన్నీ 100 చుట్టూ చేరతాయి. ఆ తర్వాత అసలు ఎక్స్‌పెరిమెంట్‌లో రెండు ట్యూబుల మధ్య తేడా కనిపిస్తే, ఆ తేడా శాంపిల్‌దే, నా చేతిది కాదు అని గట్టిగా చెప్పగలుగుతావు. ఆ మాట అనగలగడానికే ఈ మూడు వారాలు.

ఇంక నేర్చుకోవట్లేదనే ఫీలింగ్ సంగతి. 2019లో హార్వర్డ్‌లో మొదటి ఏడాది స్థాయి ఫిజిక్స్ క్లాసుల మీద ఒక స్టడీ వచ్చింది. ఒకే పాఠాన్ని కొందరికి చక్కటి లెక్చర్‌గా చెప్పారు, కొందరి చేత గ్రూపుల్లో లెక్కలు చేయించారు. లెక్చర్ విన్నవాళ్లు మాకు బాగా అర్థమైంది అన్నారు, చేసినవాళ్లు మాకు అంతగా రాలేదు అన్నారు, తీరా టెస్ట్ పెడితే మార్కులు చేసినవాళ్లకే ఎక్కువ. చెయ్యడంలో తడబాటు ఉంటుంది, ఆ తడబాటునే మనం రాకపోవడం అనుకుంటాం. నీ ఫ్రెండ్స్ కోర్సులు కూడా మంచివే, నేను కాదనను, కానీ వాళ్లకి హాయిగా ఉంది నాకు కష్టంగా ఉంది అనేదాన్ని కొలబద్దగా పెట్టుకోకు.

ఇంకొకటి చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. జోసెలిన్ బెల్ బర్నెల్ కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ స్టూడెంట్‌గా చేరి మొదటి రెండేళ్లు రేడియో టెలిస్కోప్ కట్టడంలోనే గడిపారు, బరువైన సమ్మెటతో గుంజలు దిగ్గొట్టడం, తీగలు కట్టడం, ఇవే పనులు. 1967 జులైలో అది పనిచెయ్యడం మొదలైంది, ఆకాశం నుంచి వచ్చే రేడియో సంకేతాలు గీతలుగా పడిన చార్ట్ కాగితం రోజుకి దాదాపు 30 మీటర్లు వచ్చేది, అదంతా ఆవిడే కంటితో చూసేవారు. అందులో అర సెంటీమీటరు కన్నా కాస్త ఎక్కువ మేర ఏదో గీతల చిక్కు, మామూలుగా కనిపించేవాటిలా లేదే అని ఆగి చూశారు. అదే 1.3 సెకన్లకోసారి కొట్టుకునే మొదటి పల్సర్, అంటే గిర్రున తిరుగుతూ రేడియో సంకేతాలు పంపే నక్షత్రం. నా ఉద్దేశంలో ఆ తీగలన్నీ తన చేత్తో కట్టిన మనిషి కాబట్టే అంత చిన్న చిక్కుని వదిలెయ్యలేకపోయారు.

అయితే నెల దాటాక కూడా కడగడమే పని అయితే మాత్రం ఊరుకోకు. మీ గైడ్ దగ్గరికెళ్లి "ఈ వారం ఫలానా స్టెప్ మీరు చేసేటప్పుడు పక్కన నిలబడి చూస్తాను, వచ్చేవారం నేను చేస్తాను, మీరు చూడండి" అని పేరు పెట్టి ఒక పని అడుగు. ఊరికే ఏదైనా పని ఇవ్వండి అంటే మళ్లీ బీకర్లే వస్తాయి.

అక్కా, హాస్టల్ మొత్తం ఖాళీ. మా ఫ్లోర్‌లో నేనూ, ఆ చివర గదిలో ఇంకొకళ్లూ. పగలు పర్లేదు, సాయంత్రం అయితే ఏడుపొస్తోంది.

ఏడుపొస్తే ఏడువమ్మా, తప్పేం లేదు. కారిడార్‌లో సగం లైట్లు ఆపేసి, మన చెప్పుల చప్పుడు మనకే వినిపించే ఆ సాయంత్రాలు నేనూ చూశాను. కానీ ఆ చివర గది తలుపు ఇవాళే తట్టు. నాకు సోల్డరింగ్, అంటే లోహపు తీగ కరిగించి సర్క్యూట్ బోర్డు మీద భాగాల్ని అతికించడం, నేర్పింది ఏ మాస్టారూ కాదు, అలాంటి సెలవుల్లోనే చివర గదిలో ఉన్న ఎలక్ట్రానిక్స్ అమ్మాయి. నేను సోల్డర్ తీగని ఐరన్ మొనకి అంటించి కరిగించి బొట్టుబొట్టుగా పెడుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపి, ముందు బోర్డు మీదున్న రాగి ప్యాడ్‌నీ అతికించాల్సిన భాగం కాలునీ కలిపి రెండు మూడు సెకన్లు వేడి చెయ్యి, ఆ తర్వాత తీగని అక్కడ తాకించు అంది. అలా చేస్తే సోల్డర్ తనంతట తానే పాకి కాలు చుట్టూ చిన్న గుడారంలా కూర్చుంది. అంతకుముందు నేను పెట్టినవన్నీ ఉండల్లా నిలబడ్డాయి, గోరుతో కదిపితే ఊడొచ్చాయి. క్లాసులు జరిగే రోజుల్లో అయితే ఆ అమ్మాయికి నా పక్కన రెండు గంటలు కూర్చునే తీరిక ఎక్కడిది?

సెలవుల క్యాంపస్‌లో దొరికేది ఆ తీరికే. పీహెచ్‌డీ వాళ్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, లైబ్రరీలో పనిచేసేవాళ్లు చాలావరకు అక్కడే ఉంటారు, మామూలు రోజుల్లో కంటే నిదానంగా మాట్లాడతారు. రోజుకొకసారి ఎవరితోనైనా కలిసి భోంచెయ్యి. ఇంటికి ఫోన్ చేసే టైమ్ ఒకటి ఫిక్స్ చేసుకో. అయినా రెండు వారాలపాటు నిద్ర పట్టకుండా, తినబుద్ధి కాకుండా ఉంటే యూనివర్సిటీ కౌన్సెలర్‌ని కలువు, వాయిదా వెయ్యకు.

మేడమ్, మా అబ్బాయి సెలవులకి ఇంటికి రాలేదు, ఏదో ప్రాజెక్టు అంటాడు, డబ్బులు ఇవ్వరట. ఇది చదువా, పనా?

అమ్మా, మీ అనుమానం న్యాయమైనదే. పనీ చదువూ కలిపి నడపడం కొత్తేమీ కాదు. 1906లో హెర్మన్ ష్నైడర్ అనే ఆయన సిన్సినాటి యూనివర్సిటీలో ఇంజనీరింగ్ విద్యార్థులకి కొంతకాలం క్లాసు, కొంతకాలం ఫ్యాక్టరీ అనే పద్ధతి మొదలుపెట్టారు, ఫ్యాక్టరీలో చేసిన పనికి జీతం ఉండేది. 1969లో ఎంఐటీలో మార్గరెట్ మెక్‌వికర్ డిగ్రీ పిల్లలు ప్రొఫెసర్లతో కలిసి రీసెర్చ్ చేసే ప్రోగ్రాం పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది, అందులో జీతమో క్రెడిటో, అంటే డిగ్రీలో లెక్కకొచ్చే మార్కులాంటిదో, తీసుకునే వీలుంది. కాబట్టి మీ అబ్బాయిని తిట్టకుండా నెమ్మదిగా మూడు సంగతులు అడగండి. డబ్బు లేకపోతే క్రెడిట్ అయినా ఉందా, ఎవరు నేర్పుతున్నారు, వారానికి ఎన్నిసార్లు కూర్చోబెట్టి చెప్తున్నారు అని. డబ్బూ లేక, క్రెడిటూ లేక, నేర్పే మనిషీ కనిపించకపోతే అది చదువు కాదు, ఊరికే చేయించుకోవడం, అలాంటిది మానుకుని రమ్మని మీరు చెప్పొచ్చు. నేర్పే మనిషి ఉంటే మాత్రం ఈ ఒక్కసారికి ఉండనివ్వండి, వాడికి వీలైనప్పుడు ఒక వారం ఇంటికొచ్చి వెళ్లమనండి.

అక్కా, ఎనిమిది వారాల ప్రాజెక్టు, ఇంకో పది రోజులే ఉంది. కెమెరాతో వస్తువుల్ని గుర్తుపట్టే రోబో అనుకున్నాం, అది గోడకీ కుర్చీకీ కూడా తేడా చెప్పలేకపోతోంది. ఏం చూపించాలి?

తమ్ముడూ, 1966లో ఎంఐటీలో సేమర్ పాపర్ట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త సరిగ్గా ఇలాంటి పనికే ఒక సమ్మర్ ప్రాజెక్టు ప్లాన్ రాశారు. సెలవుల్లో పనిచేసే పిల్లలు ముక్కలు ముక్కలుగా పంచుకుని కెమెరా బొమ్మలో వస్తువేదో వెనకున్నదేదో విడదీసే సిస్టమ్ కట్టాలి, చివరికి ఆ వస్తువుల పేర్లు కూడా అది చెప్పాలి. ఆ సమ్మర్‌లో అది తేలలేదు, కొన్ని దశాబ్దాలు పట్టింది. చూడ్డం ఎంత కష్టమైన పనో అలా చెయ్యబోతేనే అర్థమైంది. నువ్వు ఎనిమిది వారాల్లో ఆగిపోయావని సిగ్గుపడక్కర్లేదు.

కానీ ఈ పది రోజుల్లో కొత్త ఫీచర్ ఏదీ మొదలుపెట్టొద్దు, ఇది మాత్రం ఖచ్చితంగా చెప్తున్నా. ఏ వెలుతురులో, ఎంత దూరంలో, ఏ రంగు కుర్చీకి తప్పు చెప్తోందో ఒక వంద ఫోటోలు పెట్టి లెక్క తియ్యి. మొత్తం సెటప్‌ని వేరే ఎవరికైనా ఇచ్చి, నువ్వు నోరు మెదపకుండా పక్కన కూర్చుని, నీ నోట్స్ చదివి వాళ్లంతట వాళ్లు రన్ చెయ్యగలుగుతారేమో చూడు. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ ఒక లైను రాయి. ప్రెజెంటేషన్‌లో పనిచెయ్యనిదాన్ని దాచకుండా ముందే చూపించు, ఎందుకు పనిచెయ్యట్లేదో నీ వంద ఫోటోల లెక్కతో చెప్పు. ఆ తర్వాత వచ్చే స్టూడెంట్ నీ తొమ్మిదో వారం నుంచి మొదలుపెడతాడు.

నేను హిస్టరీ స్టూడెంట్‌ని. ఈ హ్యాండ్స్ ఆన్ అంటే సైన్స్ వాళ్లకేనా అక్కా?

అస్సలు కాదు. పెద్ద యూనివర్సిటీ లైబ్రరీ అంటే లోపల ఆర్కైవ్స్ కూడా ఉంటాయి చాలా చోట్ల, ఎవరూ సరిగ్గా లిస్టు రాయని ఉత్తరాల పెట్టెలు ఉంటాయి. సెలవుల్లో రీడింగ్ రూమ్‌లో జనం తక్కువ. ఆర్కివిస్టుని అడిగి ఒకే ఒక్క పెట్టె తీసుకుని, ఒక్కో ఉత్తరానికి తారీఖు, ఎవరు ఎవరికి రాశారు, దేని గురించి, ఈ నాలుగూ రాసుకుంటూ పో. మొదటి పది ఉత్తరాలకి చేతిరాత అర్థం కాక తల నొప్పొస్తుంది, ఇరవయ్యో ఉత్తరానికి ఆ మనిషి తలకట్టు ఎలా వంచుతాడో నీకు తెలిసిపోతుంది. చేతులు శుభ్రంగా కడుక్కుని పూర్తిగా ఆరనిచ్చి ముట్టుకో, పెన్ను బయటే వదిలేసి పెన్సిల్ తీసుకెళ్లు, కాగితాలు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో తిరిగి పెట్టు.