ఏడాది హెచ్ఆర్ ట్రైనింగ్ మధ్యలో మానేయాలా?

తమ్ముడూ, రేణిగుంట ఫ్యాక్టరీలో ఏడాది హెచ్ఆర్ ట్రైనింగ్‌కి చేరితే నాలుగు నెలలుగా హాజరు, ఫైళ్లు తప్ప ఏమీ చూపించట్లేదు, మానేయాలా అని అడిగావు. మానొద్దు. నేనూ శ్రీసిటీలో హాజరు పట్టీతోనే మొదలుపెట్టా. జీతాల లెక్కంతా అక్కడి నుంచే పుడుతుంది.

నెలాఖరున పేరోల్, అంటే జీతాల లెక్క చేసేవాళ్ల పక్కన కూర్చుంటానని నువ్వే అడుగు. ఒక పే స్లిప్పు తీసుకుని చేత్తో లెక్క వెయ్యి: బేసిక్ (మూల జీతం), డీఏ (కరువు భత్యం)ల మీద పీఎఫ్ (భవిష్య నిధి) 12 శాతం; ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా)లో ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్యానిది 3.25 శాతం. రూపాయి తేడా వస్తే ఎందుకో కనుక్కో, పని అక్కడే వస్తుంది.

ఫైళ్లని చిన్నచూపు చూడకు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పీఎఫ్‌లో ఒక్క అక్షరమే ఉంటే, రేపు ఆ మనిషి తన డబ్బు తీసుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరగాలి. ఏర్పేడు, శ్రీకాళహస్తి నుంచి షిఫ్టు బస్సులో వచ్చే పిల్లలకి నువ్వు ఇప్పుడే సరిచేయిస్తే ఎంత మేలో! నా దృష్టిలో హెచ్ఆర్‌లో ఇంతకన్నా పెద్ద పని లేదు.

మీ కాలేజీ ఫ్యాక్టరీతో చేసుకున్న ట్రైనింగ్ ఒప్పందంలో ఏయే విభాగాలు రాశారో చూడు. ఆ కాగితం పట్టుకుని, మేనేజర్ తీరిగ్గా ఉన్నప్పుడు, రెండు నెలలు రిక్రూట్‌మెంట్‌లో (కొత్తవాళ్లని తీసుకునే విభాగంలో) వెయ్యమని మర్యాదగా అడుగు. కాదంటే కాలేజీలో మీ గైడ్ సార్‌తో ఫోన్ చేయించు.