ఓటు లేని తల్లిదండ్రులు ఆస్టిన్‌లో మాట్లాడవచ్చా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఇర్వింగ్ వ్యాలీ రాంచ్‌లో ఉంటాం. మావారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4. పాప కాపెల్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో రెండో తరగతి చదువుతోంది. ఒక సంప్రదాయవాద సంస్థ 2025 శాసనసభ సమావేశాలకు పెట్టుకున్న ప్రాధాన్యాల జాబితా మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. క్లాస్‌రూముల్లో బైబిల్‌లోని పది ఆజ్ఞల పోస్టర్లు, బడిలో ప్రార్థన, ప్రైవేటు స్కూలు ఫీజులకు ప్రభుత్వ డబ్బు, విదేశీయులు భూమి కొనకుండా నిషేధం అందులో ఉన్నాయి. ఇవన్నీ చట్టాలైపోయాయా? వచ్చే ఏడాది ఇల్లు కొందామనుకుంటున్నాం, కొనవచ్చా? ఇలాంటి వాటిపై మాకు అభ్యంతరం ఉంటే ఎవరికైనా చెప్పుకోవచ్చా, లేక వీసా మీద ఉన్నవాళ్లం నోరు మూసుకోవాలా? "మనకెందుకు, అనవసరంగా టెన్షన్" అంటారు మావారు. - ఒక తల్లి, ఇర్వింగ్

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్న తీసుకుంటాను. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. మీరు నోరు మూసుకోవాల్సిన అవసరం చట్టప్రకారం లేదు. మీవారి భయాన్ని కూడా నేను తేలిగ్గా తీసుకోను. ఏది చేయవచ్చో, ఏది చేస్తే నిజంగానే వీసాకు ముప్పో రెండూ చెబుతాను.

ఒక సంస్థ ప్రాధాన్యాల జాబితా అంటే అది ఆ సంస్థ కోరిక, అంతే. టెక్సాస్ వాల్యూస్, టెక్సాస్ పబ్లిక్ పాలసీ ఫౌండేషన్ లాంటి సంస్థలు రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఉన్నాయి. ప్రతి సమావేశానికీ ముందు తమకు ఏం కావాలో చెప్పడం, శాసనసభ్యులను కలవడం, కమిటీల ముందు మాట్లాడటం వాళ్ల హక్కు. అవతలి పక్షం సంస్థలూ ఇదే పని చేస్తాయి. కోరిక చట్టం కావాలంటే బిల్లు రావాలి, కమిటీ దాటాలి, 150 మంది ఉన్న హౌస్, 31 మంది ఉన్న సెనేట్ రెండూ ఒప్పుకోవాలి, ఆ తర్వాత గవర్నర్ బల్ల మీదికి వెళ్లాలి. టెక్సాస్ శాసనసభ మామూలుగా రెండేళ్లకోసారి, బేసి సంవత్సరంలో, 140 రోజులకు మించకుండా కూర్చుంటుంది. 2025లో జనవరి 14 నుంచి జూన్ 2 వరకు జరిగిన సమావేశాల్లో ఎనిమిది వేలకు పైగా బిల్లులు వస్తే చట్టాలైనవి సుమారు 1,200.

ఆ లెక్క చూసి ఊపిరి పీల్చుకోకండి. మీ జాబితాలో మూడు అంశాలను 2023తో పోల్చి చూడండి. పది ఆజ్ఞల బిల్లు 2023లో సెనేట్ దాటింది కానీ హౌస్‌లో ఓటింగ్‌కే రాకుండా గడువు ముగిసింది. చైనా తదితర దేశాల వారు భూమి కొనరాదన్న బిల్లు కూడా అదే ఏడాది సెనేట్ దాటి హౌస్‌లో ఆగింది. ప్రైవేటు స్కూలు డబ్బు సంగతి మరీ గట్టిగా తేలింది. 2023 నవంబర్‌లో 84-63 ఓట్లతో హౌస్ దాన్ని బిల్లులోంచి తీసేసింది. అప్పుడు చాలామంది "అయిపోయింది" అనుకున్నారు. కానీ పార్టీ అభ్యర్థులను ఎంచుకునే 2024 మార్చి ప్రైమరీలలో గవర్నర్ గ్రెగ్ ఆబట్, తన పార్టీలోనే దానికి అడ్డు పడిన సభ్యులకు వ్యతిరేకంగా ప్రచారం చేశారు. వాళ్లలో చాలామంది సీట్లు పోయాయి. 2025లో మూడూ చట్టాలయ్యాయి. అందుకే నన్ను అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతాను: ఈసారి నెగ్గిన బిల్లుల కన్నా ఈసారి ఓడిపోయినవాటిని జాగ్రత్తగా చదవండి. రెండేళ్ల తర్వాత మీ పిల్లల బడికి వచ్చేది ఎక్కువగా వాటిలోంచే.

ఇక ఒక్కొక్కటీ.

పది ఆజ్ఞల చట్టం సెనేట్ బిల్లు 10. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ బడిలో ప్రతి క్లాస్‌రూములోనూ కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉన్న పోస్టర్, గదిలో ఎక్కడ కూర్చున్నా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఉండాలి. బడి తన డబ్బుతో కొనక్కర్లేదు, ఎవరైనా దానంగా ఇస్తే మాత్రం పెట్టి తీరాలి. అందులో ఏ మాటలుండాలో చట్టమే రాసిపెట్టింది. నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు, విగ్రహాలు చేసుకోకూడదు అన్న వాక్యాలు మొదట్లోనే వస్తాయి. పొద్దున్నే ఇంట్లో వినాయకుడికి దణ్ణం పెట్టి బస్సెక్కే ఏడేళ్ల పాప రోజంతా ఆ గోడకు ఎదురుగా కూర్చుంటుంది. మీ ఆందోళన నాకు అర్థమవుతోంది. అదే సమయంలో, ఆ ఆజ్ఞలు సండే స్కూల్లో కంఠతా పట్టిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు మీ వీధిలోనే ఉండవచ్చు. వాళ్లతో గొడవ పెట్టుకోవాల్సిన పనే లేదు. ఈ చట్టం మీద కేసు వేసిన కుటుంబాల్లో యూదులు, హిందువులతో పాటు క్రైస్తవులు కూడా ఉన్నారు. ఏ గ్రంథం గొప్పదన్నది కోర్టు ముందున్న ప్రశ్న కాదు. చదువుకోక తప్పని పిల్లల ముందు ప్రభుత్వం ఒక మత వాక్యాన్ని ఇలా పెట్టవచ్చా అన్నదే ప్రశ్న.

1980లో కెంటకీ రాష్ట్రం ఇలాంటి చట్టమే చేస్తే, స్టోన్ వర్సెస్ గ్రాహం కేసులో సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది. 2005లో అదే కోర్టు, ఆస్టిన్‌లో శాసనసభ భవనం ఆవరణలో ఉన్న పది ఆజ్ఞల రాతి ఫలకాన్ని ఉండనిచ్చింది, అదీ 5-4తోనే. మీరు ఆస్టిన్ వెళ్తే ఆ ఫలకం చూడండి. మనిషెత్తున, చెట్ల మధ్య, మిగతా స్మారకాలతో పాటు ఉంటుంది. ఇష్టం లేనివాళ్లు పక్కనుంచి నడిచి వెళ్లిపోవచ్చు. క్లాసులో కూర్చున్న పాప అలా వెళ్లిపోలేదు. నా దృష్టిలో మొత్తం వాదన ఈ తేడాలోనే ఉంది. అయితే 2022లో ఒక ప్రభుత్వ బడి ఫుట్‌బాల్ కోచ్ ప్రార్థన కేసు తీర్పుతో, మతం విషయంలో ప్రభుత్వం హద్దు దాటిందా అని తేల్చడానికి వాడే పాత పరీక్షను సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. కాబట్టి 1980 తీర్పు ఇక చెల్లదని రాష్ట్రం వాదిస్తోంది. నేనైతే స్టోన్ తీర్పు ఇంకా బతికే ఉందని నమ్ముతాను. సుప్రీంకోర్టు తన తీర్పును తానే రద్దు చేయనంతవరకు కింది కోర్టులకు అదే దారి.

2025 డిసెంబర్ నాటికి స్థితి ఇలా ఉంది. ఆగస్టు 20న శాన్ ఆంటోనియో ఫెడరల్ జడ్జి ఫ్రెడ్ బియరీ 11 స్కూల్ డిస్ట్రిక్టులకు ఇంజంక్షన్, అంటే చట్టం అమలును తాత్కాలికంగా ఆపే ఉత్తర్వు, ఇచ్చారు. ప్లేనో అందులో ఉంది. నవంబర్ 18న మరో జడ్జి ఇంకో 14 డిస్ట్రిక్టులకు ఇచ్చారు. ఫ్రిస్కో, మెకిన్నీ అందులో ఉన్నాయి. మీ కాపెల్ ఈ రెండింటిలోనూ లేదు. ఇక్కడే చాలామంది పొరబడ్డారు. "కోర్టు ఆపేసింది కదా" అని ఫ్రిస్కోలో ఉన్న స్నేహితురాలు చెప్పింది అప్పటికి ఆవిడ బడికి నిజం, మీ పాప బడికి కాదు. ఇంజంక్షన్ లేని డిస్ట్రిక్టులు చట్టం పాటించాలని రాష్ట్ర అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ స్పష్టంగా చెప్పారు. అప్పీలు టెక్సాస్‌ను చూసే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అయిన ఐదో సర్క్యూట్‌లో, న్యాయమూర్తులందరి ముందుకు, 2026 జనవరిలో వచ్చింది. ఆ తీర్పుతో ఈ పేరా మొత్తం మారిపోవచ్చు. అది ఏమైందో చూసుకోండి.

భూమి విషయం మీకు భయపడేది కాదు. సెనేట్ బిల్లు 17 ప్రకారం ఆంక్ష ప్రస్తుతం చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యాలకు సంబంధించినది. ఇండియా లేదు. హెచ్-1బి, హెచ్-4 మీద ఉన్న మీరిద్దరూ ఇల్లు కొనుక్కోవడానికి ఈ చట్టం అడ్డు రాదు. కాకపోతే జాబితాలో దేశాన్ని చేర్చే అధికారం గవర్నర్‌కు ఉంది కాబట్టి, రిజిస్ట్రేషన్ సమయంలో పౌరసత్వం గురించి కొత్త పత్రం మీద సంతకం అడిగితే ఖంగారు పడకండి, చదివి పెట్టండి.

ప్రైవేటు స్కూలు డబ్బు 2026-27 చదువు సంవత్సరం నుంచి మొదలవుతుంది. మొదటి విడతకు 100 కోట్ల డాలర్లు పెట్టారు. ప్రైవేటు బడికి వెళ్లే ఒక్కో పిల్లకు ఏడాదికి దాదాపు 10,000 డాలర్లు వస్తాయి. పౌరులే కానక్కర్లేదు, చట్టబద్ధంగా దేశంలోకి వచ్చిన పిల్లలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ దరఖాస్తులు ఎక్కువైతే ముందు వైకల్యం ఉన్న పిల్లలకు, తక్కువ ఆదాయం వాళ్లకు ఇస్తారు. ఐటీ జీతమున్న ఇంటికి వరసలో వెనక చోటే దొరకవచ్చు. ఆ డబ్బు వస్తుందనుకుని ముందే ప్రైవేటు స్కూల్లో సీటుకు అడ్వాన్స్ కట్టకండి.

ఇప్పుడు మాట్లాడే హక్కు. శాసనసభ కమిటీ ముందు మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. ఓటరు కార్డు అడగరు. భవనంలో ట్యాబ్‌లాంటి యంత్రంలో పేరు, బిల్లు నంబరు, సమర్థిస్తున్నారా వ్యతిరేకిస్తున్నారా అన్నది నమోదు చేయాలి. పిలిచినప్పుడు వెళ్లి రెండు మూడు నిమిషాలు చెప్పాలి. వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, ఒక్కోసారి అర్ధరాత్రి కూడా దాటుతుంది. అలా ఒక సాయంత్రం మన తెలుగావిడ ఒకరు స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చుకుని, కాగితం మీద తెలుగులో రాసుకున్నది లోపల ఇంగ్లీషులోకి తిప్పుకుంటూ ఆరు గంటలు కూర్చోవడం చూశాను. ఆవిడ మాట్లాడింది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాలూ సభ్యులు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. ఆస్టిన్ వెళ్లలేకపోతే, హౌస్ కమిటీలు విచారణకు తీసుకున్న బిల్లుల మీద టెక్సాస్ నివాసులు ఆన్‌లైన్‌లో అభిప్రాయం రాయవచ్చు. మీ ప్రాంత శాసనసభ్యుల ఆఫీసుకు ఫోను చేయవచ్చు. మీకు ఓటు లేకపోయినా వాళ్లు మీ ఇంటికి కూడా ప్రతినిధులే. ఈ దేశంలో నివసించే విదేశీయులకూ వాక్ స్వాతంత్ర్యం ఉందని సుప్రీంకోర్టు 1945లోనే బ్రిడ్జెస్ వర్సెస్ విక్సన్ కేసులో చెప్పింది.

అయినా ఈ మధ్య వీసా అధికారులు మాటలను కూడా చూస్తున్న వార్తలు వస్తున్నాయి. మీవారు భయపడటంలో తప్పు లేదు. బిల్లు నంబరు చెప్పి, మీ పిల్ల గురించి, మర్యాదగా మాట్లాడండి. వీసా దరఖాస్తు మధ్యలో ఉంటే ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి.

నిజంగా ముప్పు ఉన్నవి రెండు. ఒకటి డబ్బు. ఫెడరల్ చట్టం ప్రకారం గ్రీన్ కార్డు లేని విదేశీయులు ఎన్నికల అభ్యర్థికి గానీ, పార్టీకి గానీ, ఎన్నికల కమిటీకి గానీ ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. ఊరి స్కూల్ బోర్డు ఎన్నికకైనా ఇదే నియమం. తాత్కాలిక వీసాల మీద ఉన్న ఇద్దరు, ఒక లాయరు, ఒక డాక్టరు, దీన్ని సవాలు చేసి బ్లూమన్ వర్సెస్ ఎఫ్‌ఈసీ (ఫెడరల్ ఎన్నికల సంఘం) కేసులో 2011లో ఓడిపోయారు. 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. మన సంఘాల విందుల్లో ఏ అభ్యర్థి కోసమో టేబుల్ కొనమని అడుగుతారు. మొహమాటానికి కూడా కొనకండి. గుడికి, బడికి, కోర్టు కేసులు నడిపే ఛారిటీకి విరాళం ఇవ్వడం వేరు, అది తప్పు కాదు.

రెండోది ఓటరు నమోదు. డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్‌లో ఓటరుగా నమోదు అవుతారా అని అడుగుతారు. తొందరలో "అవును" అన్న ఒక్క గుర్తు, తర్వాత గ్రీన్ కార్డు ఇంటర్వ్యూలో మీ ముందుకు రావచ్చు. పొరపాటున పౌరులమని చెప్పడం, ఓటు వేయడం దేశం నుంచి పంపించేయడానికి కారణాలు. మీవారు టెన్షన్ పడాల్సింది ఇక్కడ.

చివరగా, మీ బడి దగ్గరే చూసుకోవాల్సిన పని ఒకటుంది. బడిలో ప్రార్థన చట్టం, సెనేట్ బిల్లు 11, నేరుగా ప్రార్థన పెట్టలేదు. ప్రార్థనకూ మతగ్రంథ పఠనానికీ రోజూ ఒక సమయం పెట్టాలా వద్దా అని ప్రతి స్కూల్ బోర్డూ పేరుపేరునా ఓటు వేసి నిర్ణయించడానికి 2026 మార్చి 1 గడువుగా పెట్టింది. పెట్టినా, తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకున్న పిల్లలే అందులో కూర్చుంటారు, మైకులో చదివి అందరికీ వినిపించకూడదు. ఆ ఒప్పుకోలు పత్రంలో, ఈ విధానం మీద కోర్టుకు వెళ్లే హక్కు వదులుకుంటున్నామనే వాక్యం ఉంటుంది. పాప బ్యాగులో కాగితాల మధ్య అది వస్తే హోంవర్క్ డైరీ మీద పెట్టినట్టు సంతకం పెట్టేయకండి. సంతకం పెట్టకపోతే పాప అందులో ఉండదు, అంతే. మీ బోర్డు ఏం నిర్ణయించిందో కనుక్కోండి, ఈ అంశం సమావేశం ఎజెండాలో ఉంటే ఆ రోజు మాట్లాడటానికి పేరు ఇవ్వండి. ఆస్టిన్‌కు మూడు గంటల ప్రయాణం, బోర్డు ఆఫీసు మీ ఇంటికి పక్కనే.