సముద్రం చూడని పిల్లలకు సముద్ర జీవులు: తాబేలు, జెల్లీఫిష్ చేయించండి

సముద్రం ఎన్నడూ చూడని 3, 4 తరగతుల పిల్లలకు సముద్ర జీవుల గురించి చేతిపనులతో ఎట్లా చెప్పాలని హనుమకొండ నుంచి అడిగారు. పది జీవులు పెట్టుకోకండి. తాబేలు, అది తినే జెల్లీఫిష్, ఈ రెండు చాలు.

చెరువు తాబేలుతో మొదలుపెట్టండి. ముట్టుకుంటే తల లోపలికి గుంజుకుంటుందని పిల్లలకు తెలుసు. సముద్రపు తాబేలుకు అది చేతకాదు. దానికి కాళ్ల బదులు తెడ్లలాంటి రెక్కలుంటాయి.

డిప్పకు మోదుగాకు డొప్ప బోర్లిస్తే సరిపోతుంది. మన తూర్పు తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేలు డిప్ప కూడా ఆకుపచ్చ కలిసిన బూడిద రంగే కాబట్టి రంగు వేయకున్నా నడుస్తుంది. ఎండిన డొప్పకు కత్తెర పెట్టగానే విరుగుతుంది. నీళ్లు చిలకరించి పది నిమిషాలు తడిగుడ్డలో చుట్టి ఉంచితే మెత్తబడుతుంది. తడి మీద ఫెవికాల్ పట్టదు, అందుకని కత్తిరించాక నీడకు ఆరబెట్టి, ఆ తర్వాతే తల అతికించాలి.

రెక్కలకు అట్ట వాడండి. 15 సెంటీమీటర్ల డొప్పకు ముందు రెక్కలు 10, వెనకవి 5 సెంటీమీటర్లు. పిల్లలు నాలుగూ ఒకే కొలతతో కోస్తారు, అక్కడే ఆపి చెప్పండి: ముందు రెక్కలతో ఈదుతుంది, వెనక వాటితో మళ్లుతుంది, ఇసుకలో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. ముందు రెక్కలు అతికించవద్దు. సూదితో రంధ్రం చేసి దారంతో ముడి వేస్తే కదులుతాయి, ఈత అర్థమవుతుంది. ఒక్కో గూటిలో సుమారు వంద గుడ్లుంటాయి. 25 మంది పిల్లలుంటే తలా నాలుగు బంకమట్టి ఉండలు చేయించి ఒకే తట్టలో పోయించండి. వంద అంటే ఎంతో కళ్లకు కనబడుతుంది. అలంకరణకు చమ్కీ పొడి మాత్రం వద్దు, అది ప్లాస్టిక్.

జెల్లీఫిష్‌కు పల్చని, రంగులేని ప్లాస్టిక్ కవర్ కావాలి. 15 సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి, నడుమ భాగాన్ని బొటనవేలంత బుడగలాగా పట్టి, దారంతో వదులుగా కట్టండి. బుడగలోకి చెంచాడు నీళ్లు పోసి, కొద్దిగా గాలి మిగల్చండి. కింది భాగాన్ని సన్నటి పోగులుగా కత్తిరించి, లీటరు సీసాలోకి దించి, అంచుదాకా నీళ్లు నింపి మూత బిగించండి. గాలి ఎక్కువైతే మూత దగ్గరే అతుక్కుంటుంది, సీసా తిప్పినా దిగదు. అప్పుడు ముడి విప్పి ఇంకొన్ని నీళ్లు పోయాలి. పోగులు వెడల్పుగా ఉంటే ఊగవు. మెదడు, గుండె, ఎముకలు లేని జీవి ఇది, ఒంట్లో దాదాపు 95 శాతం నీళ్లే. సీసా మెల్లగా తిప్పుతూ చెబితే పిల్లలు నమ్ముతారు.

ఇప్పుడు రెండో సీసాలో అట్లాంటిదే ఇంకో కవర్ ముక్కను కత్తిరించకుండా వేసి పక్కన పెట్టి, తాబేలుకు తిండి ఏదని అడగండి. తేడా పట్టుకోవడానికి పిల్లలు తడుముకుంటారు. నీళ్లలో తాబేలు కూడా అట్లనే మోసపోయి కవర్లు మింగుతుంది. తర్వాత ఇక్కడ పారేసిన కవర్ సముద్రందాకా పోయే దారి నేల మీద చాక్‌పీసుతో గీయించండి: పాకాల చెరువు నీళ్లు మున్నేరులోకి, మున్నేరు కృష్ణలోకి, కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలోకి. ఆ తీరానికే ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు చేసిన తాబేళ్లను గీత చివర పెట్టించి, మిగిలిన కవర్ ముక్కలు లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి.