మిషను లెక్కలు చేతికి తీసుకోబోయే తమ్ముడి కొడుక్కి

1962

ప్రభువునందు ప్రియమైన అబ్బాయికి పెద్దనాన్న దీవించి రాయునది.

తెలుగు బాప్టిస్టు సంఘాలన్నీ కలిసి సమావేశం అనే సంస్థగా ఏర్పడిన ఈ ఏడాదే మన మిషను ఫీల్డు లెక్కలు నీ చేతికి అప్పగిస్తున్నారని మీ నాన్న రాసిన కార్డు మంగళవారం అందింది. మిషనరీ దొరగారి మేజాకు ఇవతల ముప్పై ఏళ్ళు నిలబడి లెక్క చెప్పినవాడి ఇంటి పిల్లవాడు ఇప్పుడు అవతలి కుర్చీలో కూర్చోబోతున్నాడని మీ పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకూ సంతోషమే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఓచరు లేనిదే పైసా ఇవ్వకు, ఇరవై రూపాయలు దాటిన రసీదు మీద రెవెన్యూ స్టాంపు అంటించు, వేలిముద్ర వేసినచోట సాక్షి సంతకం తీసుకో. కాంపౌండ్ల దస్తావేజులను సర్వే నంబర్లతో సహా కళ్ళారా చూసుకున్నాకే అప్పగింత కాగితం మీద సంతకం పెట్టు. ఇవన్నీ నీకు తెలిసినవే. నిజాం రాజ్యంలో హనుమకొండ, నల్గొండ మిషను స్టేషన్ల లెక్కలు రాసిన గుమాస్తాలకు ఇక్కడి ఆరు రూపాయలు అక్కడ ఏడు హాలీ సిక్కా రూపాయలయ్యేవి; ఆ అవస్థ నీకు లేదు. అణాలు పోయి నయా పైసలు వచ్చాక కూడికలు కూడా తేలికయ్యాయి.

నా భయం నీ లెక్క గురించి కాదు, నీ జాలి గురించి. రెండో తరగతిలో ఉండగా కొత్త పలకను ఎవరికో ఇచ్చేసి, పోయిందని అబద్ధమాడి దెబ్బలు తిన్నావు. ఆ గుణం మన ఇంటిదే. ఆ గుణంతోనే నేను ఒక తప్పు చేశాను; మీ పెద్దమ్మకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అది 1949. యుద్ధకాలమంతా ఇక్కడే చిక్కుకుపోయిన దొరలు, ఓడలు దొరికాక, ఒకరి వెనుక ఒకరు ఫర్లోకు, అంటే స్వదేశంలో గడిపే సెలవుకు, వెళ్ళి వస్తున్న రోజులు. మా దొరగారు అమెరికాలో ఉండగా పక్క స్టేషను దొరగారు నెలకు రెండుసార్లు వచ్చి సంతకాలు పెట్టి వెళ్ళేవారు; ఇనప్పెట్టె తాళం నా దగ్గర ఉండేది. ఆ మార్చిలో అమెరికాలోని ఒక సంఘపు ఆదివారపు బడి పిల్లలు వంద డాలర్లు పంపి, ఒక పల్లె పేరు రాసి, అక్కడి బడికి తాటాకు తీసి పెంకు వేయించమని కోరారు. అప్పటి మారకానికి అది 330 రూపాయలు. సంచిలో కట్టి, చీటీ రాసి, పెట్టె అడుగున పెట్టాను.

జూన్ మొదటి శనివారం పల్లెల నుంచి పంతుళ్ళూ సువార్తికులూ జీతాలకు వచ్చారు. న్యూయార్కు నుంచి రావలసిన సొమ్ము ఇంకా చేరలేదు. పదహారు మైళ్ళు నడిచి వచ్చిన ఒక ముసలి సువార్తికుడు చింతచెట్టు కింద చెప్పులు విప్పుకుని, ఏమీ అడగకుండా, పాదం మీది బొబ్బను చూసుకుంటూ కూర్చున్నాడు. పది రోజుల్లో తిరిగి కట్టేస్తాను కదా అనుకుని సంచి విప్పి, అందరికీ సగం జీతం పంచాను. దీవించి వెళ్ళారు. నిజం చెబుతున్నాను, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

సొమ్ము మూడు వారాలకు వచ్చింది. మిగిలిన జీతాలూ, బోర్డింగు బియ్యం బాకీలూ తీరేసరికి సంచిలోకి ఏమీ మిగలలేదు. వచ్చే నెల చూద్దామనుకున్నాను. జూలైలో వాన పట్టింది. ఆ పల్లె పంతులు హాజరు పుస్తకాన్ని కండువాలో చుట్టుకుని వచ్చి నా ముందు విప్పాడు. సిరా కారిపోయి పేర్లున్నచోట నీలి మరకలే ఉన్నాయి. బడి కప్పు సగం నేలమీద ఉందనీ, రాత్రివేళ కనుక లోపల ఎవరూ లేరనీ చెప్పి, "పెంకు ఎప్పుడొస్తుంది అయ్యగారూ?" అని ఒక్క మాటే అడిగాడు. వానలు వెళ్ళాక అన్నాను. ఆ ఏడాది ఆ బడి మళ్ళీ నడవలేదు. పిల్లలు గొడ్లవెంట వెళ్ళారు; వారిలో కొందరు ఇక తిరిగి రాలేదు.

అసలు సిగ్గు ఇంకా ఉంది, విను. సెప్టెంబరులో పౌనుతో పాటు మన రూపాయి విలువా తగ్గించారు. సుమారు 3 రూపాయల 5 అణాలున్న డాలరు ఒక్కసారిగా 4 రూపాయల 12 అణాలైంది. అక్టోబరు సొమ్ములో పెరిగిన భాగం నుంచి 330 తీసి, సంచి కట్టి, పాత చీటీనే మళ్ళీ గుచ్చాను. ఆడిటరు వచ్చి చూశాడు. అణా తేడా లేదు, నా పుస్తకాలను మెచ్చుకుని వెళ్ళాడు. జనవరిలో పెంకు వేయించి ఫొటో పంపాను. ఆ అమెరికా పిల్లలు సంతోషంతో రాసిన జాబును నేనే తెలుగు చేసి ఆరాధనలో చదివాను. చదువుతుండగా వెనుక వరసలో కూర్చున్న పంతులు వైపు చూడలేకపోయాను.

ఆకలితో ఉన్నవాడికి పెట్టడం తప్పా అని నువ్వు అడుగుతావు, నాకు తెలుసు. 1876-78 కరువు రోజుల్లో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు, కానీ ఆ సాయం తన చేతిమీదుగా సాగినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది మునిగి బాప్తిస్మం పొందిన సంగతి మనవాళ్ళు గొప్పగా చెబుతారు గాని, అంతకుముందు ఆయన పదిహేను నెలలు ఆగిన సంగతి ఎవరూ చెప్పరు. కూలి గంజినీ ఏటి నీళ్ళనూ ఆయన కలవనివ్వలేదు. నేను రెండు సంచులను కూడా వేరుగా ఉంచలేకపోయాను.

జీతం ఆలస్యమైతే ఆలస్యమైందని అందరి ముందూ చెప్పు. స్త్రీలు దాచే పిడికెడు బియ్యం ఎంత ఉందో సంఘ పెద్దలను అడుగు. అప్పటికీ మనసు ఆగకపోతే నీ చేతి గడియారం కుదువ పెట్టు. తరువాతి ఏళ్ళలో నేను రెండుసార్లు పెట్టాను. పేరు రాసి వచ్చిన డబ్బును మాత్రం, సమావేశం పెద్దలు వారం రోజులకే అన్నా, నేనే వచ్చి అడిగినా, కదపకు.

రాత్రిళ్ళు లాంతరు ముందు కూర్చుని లెక్కలు రాయకు, నీ కళ్ళు మొదటినుంచీ బలహీనం. మీ పెద్దమ్మ రెండు గుడ్డ సంచులు కుట్టింది; ఎర్రది జీతాలకు, తెల్లది పేరు రాసి వచ్చిన సొమ్ముకు. తెల్లదాని మూతికి తాడు పెట్టవద్దనీ, ప్రతిసారీ సూదితో కుట్టించుకోవాలనీ నేనే చెప్పాను. శనివారం బస్సుకు వస్తున్న మీ నాన్న చేతికి ఇస్తున్నాను, సూదీ దారమూ అందులోనే ఉన్నాయి.

మీ పెద్దనాన్న