ఒళ్లు విల్లులా వంగుతుంది, రాత్రికి నొప్పులు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మణికట్టు వంచి నొక్కితే మా అమ్మకీ నాకూ బొటనవేలు ముంజేతికి ఆనుతుంది. పదకొండేళ్ల మా పాపకీ అంతే. కూచిపూడి క్లాసులో అందరూ మెచ్చుకుంటారు గానీ రాత్రయితే మోకాళ్లు పీకుతున్నాయని ఏడుస్తుంది. అలిపిరి మెట్లు దిగొస్తే నాకూ అదే గతి. రక్తపరీక్షలన్నీ నార్మల్. డ్యాన్స్ మాన్పించాలా?

జవాబు: మాన్పించకండమ్మా. కీళ్లు ఇలా మామూలు కంటే ఎక్కువ వంగే గుణం రక్తపరీక్షలో దొరకదు. ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లలో కొలాజెన్ అనే ప్రొటీన్ ఉంటుంది; వాటి పట్టు దానివల్లే. కొన్ని కుటుంబాల్లో ఈ లిగమెంట్లు పుట్టుకతోనే ఎక్కువ సాగుతాయి. అప్పుడు కీలును నిలబెట్టే భారమంతా కండరాల మీద పడి, అవి సాయంత్రానికి అలిసిపోతాయి. వేళ్లు, మోచేతులు, మోకాళ్లు, నడుము వంచి చూసి డాక్టర్లు 9 మార్కులకు బైటన్ స్కోరు వేస్తారు. మార్కులు ఎక్కువొచ్చినంత మాత్రాన జబ్బని కాదు.

పాప నిలబడినప్పుడు పక్కనుంచి చూడండి. మోకాళ్లు వెనక్కి విల్లులా వంగుతుంటే అసలు తంటా అక్కడే. కొద్దిగా సడలించి నిలబడడం నేర్పండి. ‘ఇంకా వంచు’ అనొద్దని గురువుగారికి చెప్పండి (చప్పట్ల కోసం బంధువుల ముందు వేళ్లు వంచి చూపించడమూ వద్దు). సాగదీసే వ్యాయామాల కంటే తొడలకు, పిరుదులకు బలమిచ్చేవి ముఖ్యం. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని ముగ్గురూ చేయండి; ఫలితానికి నెలలు పడుతుంది.

కొండకు నడిచే ఎక్కండి, బస్సులో దిగండి. మోకాళ్లకు దిగడమే కష్టం. కీళ్లు తరచూ జారుతున్నా, చిన్న దెబ్బకే చర్మం చిట్లుతున్నా, గుండెదడ ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.