సాక్ష్యం అంటే మైకొక్కటే కాదు

నాన్నా చిన్నోడా,

వందనాలు. నీ మెసేజ్ మీ చెల్లి చేత రెండుసార్లు చదివించుకున్నాను, నా కళ్లజోడు కాడ విరిగింది. ఎరువుల కొట్లో లెక్కలు రాసుకునేవాణ్ణి, నేనేం సువార్త చెబుతాను పెద్దమ్మా అన్నావు. దాని కిందే ఇంకోటి రాశావు. సమాధుల దొడ్డికి పోయే దారిని పక్క పొలంవాళ్లు దున్ని కలిపేసుకున్నారని, పల్లెవాళ్లు నిన్ను ఎమ్మార్వో ఆఫీసుకు రమ్మంటున్నారని, అది దేవుడి పనో రాజకీయమో తెలియడం లేదని. నువ్వు రెండు సంగతులనుకున్నావు గానీ నాకు ఒకటే కనబడింది.

మన సంఘంలో సాక్ష్యమంటే ఆదివారం మైకు పట్టుకుని దేవుడు చేసిన మేలు చెప్పడం. కోర్టులోనూ అదే మాట వాడతారు, చూసింది చూసినట్టు చెప్పడానికి. మైకు దగ్గరికి రమ్మంటే వరుసలో నిలబడతారు. రెండోదానికి పిలిస్తే ఆ రోజే అందరికీ జ్వరాలొస్తాయి.

పాస్టర్ని కాదుగా అంటావా? యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. 1866లో బాప్తిస్మం తీసుకుని, తిరిగిన ఊళ్లలో తనకు తెలిసింది చెప్పుకుంటూ పోయాడు. ఒంగోలు మిషను పెరగడానికి అదే మొదలు. దోర్నకల్‌లో అజరయ్య బిషప్‌గారు కొత్తగా సంఘంలో చేరిన మామూలు జనం చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. వాళ్లలో అక్షరం ముక్క రానివాళ్లు ఎంతమందో.

నువ్వు మాత్రం ముందు బిల్లు సరిగా రాయి. యూరియా కొరత ఉన్నప్పుడు కూడా పైన పది వేయకు. మీ ఓనరు ఊరుకోడు, తెలుసు, ఆ గొడవ ముందు తేల్చుకో. నువ్వెందుకు ఇట్లా ఉంటావని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు చెప్పు. మీ నాన్న పోయాక నువ్వు తాగుడెట్లా మానావో రెండు నిమిషాల్లో చెప్పు. వచనాలు అప్పజెప్పకు. ఎదుటివాళ్ల దేవుళ్లను ఒక్క మాట కూడా అనకు. అడగనివాడి వెంట పడకు.

నా తప్పొకటి చెబుతాను. టీచరు ఉద్యోగంలో ఉండగా ఒకావిడకు వితంతు పింఛను కాగితాలు రాసిపెట్టి, తిరిగొచ్చేటప్పుడు ఆటోలోనే, ఆదివారం గుడికి రా అమ్మా అన్నాను. వచ్చింది, మూడు వారాలు. నాలుగోవారం నుంచి బజార్లో కనిపిస్తే కొంగు ముఖాన కప్పుకుని పక్క సందులోకి తిరిగిపోయేది. మేలు చేసి బాకీ వసూలు చేసినట్టయింది. ధాత కరువులో (1876-78) ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు గానీ, సాయం సాగినన్నాళ్లు ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజు 2,222 మందికి ఇచ్చారు. నాకు ఈ కథ చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆటోలో గుర్తు రాలేదు, అంతే.

రాజకీయమా అన్నావు కదా. కారంచేడులో 1985 జూలైలో మాదిగపల్లె తాగే నీళ్లు పెద్దకులం కుర్రాళ్లు పాడుచేస్తుంటే అడ్డుపడి, కొట్టబోతే చేతిలో బిందె ఎత్తినావిడ పేరు సువార్తమ్మ. మర్నాడు ఆ పల్లెమీద పడి ఆరుగురిని చంపారు. ఆవిడ చేసింది ఏ పని కిందికి వస్తుందో నువ్వే చెప్పు.

ఇక నీ దారి సంగతి. నేను మొదటిసారి ఆఫీసుకు పోయినప్పుడు నోటిమాటగా చెప్పి వచ్చాను. చూద్దామమ్మా అన్నాడాయన, చూడకుండానే ట్రాన్స్‌ఫరైపోయాడు. కొత్తాయన అసలు మీరెప్పుడొచ్చారు అన్నాడు. అందుకని అర్జీ రెండు కాపీలు పెట్టు. ఒకదానిమీద స్టాంపు, తేదీ వేయించుకుని గానీ బయటికి రావద్దు. సర్వే నంబరు రాయి, ఊరి నక్షా తీయించి దారి ఉన్నచోట ఎర్ర పెన్నుతో గీత గియ్యి. సంతకాలు మన సంఘంవాళ్లవే వద్దు. ఆ దారిన పొలాలకు పోయే మిగతావాళ్లవి కూడా అడుగు, పెడతారు. కబ్జాదారు ఇంటికి ముందు ఒకసారి పోయి, అయ్యా ఇట్లా అర్జీ పెడుతున్నాం అని మర్యాదగా చెప్పిరా. వెనకనుంచి చేశారనే మాట ఉండదు.

కుర్రాళ్లు అట్రాసిటీ కేసు పెడదామంటారు. బాప్తిస్మం తీసుకుని బీసీ-సీ సర్టిఫికెట్ (ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకు ఇచ్చేది) ఉన్నవాడి ఫిర్యాదు ఆ చట్టం కింద నిలవడం కష్టం. క్రైస్తవులైనవాళ్లను ఎస్సీలుగా లెక్కించని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నాటి నుంచీ ఉన్న తలనొప్పి ఇది. లాయర్ని అడక్కుండా ఆ మాట ఎత్తవద్దు.

ఒక్కసారితో కాదు. లూకా పద్దెనిమిదిలో విధవరాలు ఆ న్యాయాధిపతి చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో చదువుకో. సంఘంలో ప్రార్థన పెట్టించు, కానీ అర్జీ పెట్టే రోజును ఉపవాస ప్రార్థన రోజుకు పెట్టుకోకు, ఎవరూ రారు.

సోమవారం పోతున్నారటగా. పాత నక్షా కాపీ ఒకటి నా ట్రంకుపెట్టెలో ఉంది, ఆదివారం ఆరాధనయ్యాక వచ్చి పట్టుకుపో. వచ్చేటప్పుడు ఈ కళ్లజోడు కూడా తీసుకెళ్లి కాడ వేయించు.

మీ పెద్దమ్మ