ఆ ఫొటోలు ఎవరెవరికి చూపించావో ముందు చెప్పు

అమ్మీ,

నువ్వు బెంగళూరులో బూడ్వార్ ఫొటోలు, అదే, పడగ్గదిలో ఆడవాళ్ళ ఏకాంతపు ఫొటోలు తీయడం మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది, అదీ గొంతు తగ్గించి. మీ నాయనకు మాత్రం ఇంకా మెటర్నిటీ షూట్లని చెప్పి నెట్టుకొస్తున్నారంట తల్లీకూతుళ్ళు. నాకు భయమేసింది, అబద్ధమెందుకు, కాస్త గర్వంగానూ ఉంది. మీ మామ కెమెరా వెనక, నేను ముందుకెళ్ళి ఆడవాళ్ళ కొంగులు సర్దుతూ కడపలో స్టూడియో నడిపిన రోజుల్లో, ఒక ఆడపిల్ల తలుపేసుకుని ఇంకో ఆడపిల్లకు పడగ్గదిలో ఫొటోలు తీస్తుందని ఎవరన్నా చెప్పుంటే నవ్వేవాళ్ళం.

నాలుగు ఫొటోలు వాట్సాప్‌లో పడేసి "ఎట్లున్నాయత్తా, నిజం చెప్పు" అన్నావు. చెప్తా. నాకు పంపుతున్నట్టు ఆ ఫొటోల్లో ఉన్న అమ్మాయికి తెలుసా? అత్తే కదా, ఏమనుకోదులే అని నువ్వనుకోవడం కాదు, ఆ పిల్ల నోటితో సరే అనిందా?

నేనెందుకింత గట్టిగా అడుగుతున్నానంటే, సొంత స్టూడియో పెట్టకముందు మేమిద్దరం ఇంకొకరి దగ్గర పనిచేశాం. రాయచోటి వైపు నుంచి ఒకామె వచ్చింది, మొగుడు కువైట్‌లో. ఆ కాలంలో మన జిల్లాలో ఇట్లాంటి ఇళ్ళు ఎన్నో నీకు తెలుసు. పెళ్ళిలో దిగిన ఫొటో ఒక్కటే ఆయన దగ్గరుందంట. "అక్కా, జడ విప్పి తీస్తారా?" అని నన్ను పక్కకు పిలిచి అడిగింది. కిటికీ పక్కన స్టూలేసి కూర్చోబెట్టి, కాటుక చెదిరితే నేనే చీరకొంగుతో తుడిచి, భుజమ్మీద పిన్ను తీసేశా. అంతే, ఇప్పటి లెక్కలో అదేం ఫొటో, కానీ ఆమె చూపు మొగుణ్ణి చూసే చూపే. అది నెగటివ్‌లోనే తెలిసిపోయింది. ఓనరుకు పిచ్చి పట్టింది. 12 బై 15 అంగుళాలకు ఎన్‌లార్జ్ చేసి, ఫ్రేము కట్టి, రోడ్డుమీదికి కనపడేటట్టు షోకేసులో పెట్టాడు. బస్సు కోసం వచ్చిన వాళ్ళ ఊరి మనిషెవరో చూశాడు. మరుసటి వారం మామగారు ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. జుట్టు నూనె పెట్టి, నెత్తికంటుకునేటట్టు గట్టిగా దువ్వుకొచ్చింది. ఆయన అరుస్తుంటే ఓనరు "అంత బాగొచ్చింది కాబట్టే కదయ్యా పెట్టింది" అంటాడు. నిజంగానే మెచ్చుకుంటున్నానని అనుకున్నాడా మనిషి! ఆమె మాత్రం ఆ షోకేసు వైపే చూస్తా నిలబడింది. కువైట్‌కు పంపాల్సిన కాపీ ఇంకా ఆమె చేతికే రాలేదు. బజారంతా చూశాక తన ఫొటో తాను చూసుకుంది. నెగటివ్‌తో సహా చింపించేసి వెళ్ళారు. ఆ తర్వాత ఆ పక్క ఊళ్ళ ఆడవాళ్ళు అత్తను తోడు తెచ్చుకోకుండా మా గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు షోకేసు నీ జేబులోనే ఉంది. చట్టం కూడా ఊరుకోదు: ఇట్లా ఏకాంతంలో ఉన్న ఆడమనిషి ఫొటో తీయడానికి ఒప్పుకున్నా, వేరేవాళ్ళకు చూపడానికి ఒప్పుకోకపోతే, పంచినవాళ్ళది నేరమే. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ చదువుకో. ఫోన్‌లో ఆటో బ్యాకప్ ఆపెయ్, ఫొటోతో పాటు లొకేషన్ బయటికి పోకుండా చూసుకో.

మొదటి అభిప్రాయం ఆ అమ్మాయిది. అన్నీ పెద్ద స్క్రీన్ మీద చూపి, "ఏవి తీసేద్దాం?" అని అడుగు. "ఏవి నచ్చాయి?" అంటే మొహమాటానికి అన్నీ బాగున్నాయంటారు. తీసేయమన్నవాటిలోనే నీకు పాఠముంటుంది. ఆ తర్వాత, ఆమె సరేనంటేనే, ఈ పనిలో పండిన ఒక ఆడమనిషికి, డబ్బిచ్చయినా సరే, చూపించు. కుర్రాళ్ళ గ్రూపుల్లో పెట్టావంటే తంతా. వాళ్ళు లైటింగ్ చూడరు. లైటింగ్ గురించే అడగాలంటే అదే కిటికీ దగ్గర నీ చెయ్యి పెట్టి తీసి చూపించు, మనిషితో పనేముంది?

సరే, ఫొటోల సంగతి. ట్యూబ్‌లైట్ ఆర్పెయ్యి. భుజం పచ్చగా, ముఖం నీలంగా రెండు వెలుగులు కొట్టుకుంటున్నాయి. కిటికీ వెలుగు తిరిగి మనిషి మీద పడేటట్టు ఎదురుగా ఒక థర్మాకోల్ షీటు చాలు. మూడోదాంట్లో మంచం అంచు దాకా వెళ్ళి వైడ్ లెన్స్‌తో తీసినట్టున్నావు, మోకాలు తలకంటే పెద్దదయింది. వెనక్కి జరుగు, 50 గానీ 85 గానీ ఎమ్మెమ్ లెన్స్ వెయ్యి. నడుం మీద నాడా అచ్చులు కనపడుతున్నాయి, షూట్‌కు రెండు గంటల ముందే వదులు నైటీ వేసుకోమని చెప్పు. మోచెయ్యి ఒంటికి ఆనించకుండా కాస్త దూరం జరిపితే సన్నగా కనిపిస్తుంది. నాలుగోదాంట్లో దవడ మీద పుట్టుమచ్చ చెరిపేశావు, ఎవరడిగారు నిన్ను? మేము నెగటివ్ మీద పెన్సిల్‌తో మొటిమలు పూడ్చేవాళ్ళం, అది రేపోమాపో పోయేదే. మచ్చ జోలికెళ్ళాలంటే మాత్రం అడిగేవాళ్ళం.

రెండోది మాత్రం, వెనక్కి తిరిగి జుట్టు ముడేసుకుంటున్నది, బాగుంది. చాలాసేపు చూశా. వేళ్ళు నిజంగా పని చేస్తున్నాయి అందులో, పోజు కాదు.

ఇంకోటి, ఊరికే తీయొద్దు. నేర్చుకునేవాళ్ళు డబ్బులెట్లా అడగాలి అంటావు, నాకు తెలుసు. కానీ ఉచితంగా తీయించుకున్న పిల్ల "ఎవరికీ చూపకు" అనడానికి మొహమాటపడుతుంది. ఎంతోకొంత తీసుకో. తీయడానికి ఒక సంతకం, నేర్పేవాళ్ళకు చూపడానికి ఒకటి, నెట్‌లో పెట్టడానికి ఇంకొకటి, వేరువేరుగా పెట్టించుకో. చివరిది పెట్టకపోయినా షూట్ ఆగదని ముందే చెప్పు.

ఆ అమ్మాయిని ఈరోజే అడుగు. వద్దంటే నా ఫోన్‌లోంచి నాలుగూ తీసేస్తా, నువ్వు కూడా చాట్‌లోంచి తీసెయ్. సరేనంటే ఆ రెండోది మళ్ళీ పంపు, డాక్యుమెంట్‌గా పంపాలి సుమా, వాట్సాప్ పిండేసి పంపితే మెడ కింద నీడలో ఏముందో నా కళ్ళకు ఆనడం లేదు.

మీ అత్త